దూదిపింజ వెనక నిలబడ్డ పిల్ల

సెలవుల్లో రోజూ పొద్దున్నే ఆ హాల్లో పిల్లలంతా "నేను చేయగలను!" అని గొంతు చించుకుని అరిచేవాళ్లు. ఏం చేయగలరో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఇంట్లో కప్పుకున్న దుప్పటి కూడా మడతపెట్టని వాళ్లే అందరికంటే గట్టిగా అరిచేవాళ్లు. తర్వాత కుర్చీలు గోడవారకి జరిపి, కింద మెత్తటి పరుపులు వేసి ఆటలు మొదలుపెట్టేవాళ్లు.

ఆ వ్యక్తిత్వ వికాస శిబిరం నడిపేది ఈల సారు. మెడలో ఈల లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. చివరి రోజు మాత్రం దాన్ని తీసి ఒకరి మెడలో వేస్తాడు. వేయించుకున్న వాళ్లు ఏడాది పొడుగునా ఆయన శిబిరాలకి వెళ్లి చిన్నపిల్లలకి ఆటలు నేర్పుతారు.

ఆ ఈల బుంగమూతికి కావాలి.

పధ్నాలుగేళ్లొచ్చినా ఆ పిల్లకి ఆ పేరు పోలేదు, మూతి మారితే కదా పోవడానికి! ఇంతవరకూ తనకి దక్కినవన్నీ మేనమామ కూతురు వాడి వదిలేసినవే. గౌన్లు, సైకిలు, స్కూలు బ్యాగు, చివరికి లెక్కల మాస్టారు కూడా. ఒక్క ఈల అయినా తనకి ముందు రావాలి. సారు నోట్లోంచి వచ్చిందైనా సరే.

ఆ మేనమామ కూతురికి శిబిరంలో పడిన పేరు దూదిపింజ. మొదట్లోనే సారు నమ్మకం ఆట ఆడించాడు. ఒకరు కళ్లు మూసుకుని కర్రలా వెనక్కి పడాలి, వెనకున్న జత పట్టుకోవాలి. జతగా బుంగమూతి చేతులు చాచి నిలబడింది. దూదిపింజ పడింది గానీ చేతుల దాకా రాలేదు. జానెడు పైనే గాల్లో ఆగిపోయింది. జడ ఒక్కటే కిందికి వేలాడింది.

"బాగుంది. తర్వాతి జత రండమ్మా," అన్నాడు సారు.

ఇక రోజూ అదే. చప్పట్లన్నీ దూదిపింజకే. బుంగమూతి వంతు వస్తే మాత్రం ధబ్బుమని వదిన మీద పడేది.

"అబ్బా మరదలా! నిన్ను పట్టుకోవాలంటే క్రేన్ తెప్పించాలే!" అనేది దూదిపింజ. నెలల తేడాతో పెద్దది, ఆ పెద్దరికం ఎక్కడా వదిలేది కాదు.

ఇంటికొస్తే అమ్మ, ఫోన్లో శిబిరం ఫొటోలు చూస్తూ. "చూడవే, మా అన్నయ్య కూతురు గాల్లో ఎంత అందంగా పడుకుందో! నువ్వూ ఉన్నావు, మెట్లు దిగితే కిందింటివాళ్లు బయటికి పరిగెడతారు."

"అయితే దాన్నే పెంచుకో!"

ఆఖరి రోజుకి ముందు రోజు బుంగమూతికి ఉక్రోషం ఆగలేదు. "నీకేం వదినా, హాయిగా పడుకుంటావు. చేతులు చాచుకుని నిలబడి నా భుజాలు లాగేస్తున్నాయి."

"నిన్నెవరు చాచమన్నారే? నీ చేతులతో నాకేం పని?"

ఆ మాటకి బుంగమూతి ఒళ్లు భగ్గుమంది.

మర్నాడు అమ్మలూ నాన్నలూ వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. సారు ఈల తీసి చేత్తో పట్టుకుని, దూదిపింజ వైపే చూస్తున్నాడు. ఆమె అందరికీ చెయ్యూపి, కళ్లు మూసుకుంది.

'పనిలేదన్నావుగా,' అనుకుని బుంగమూతి చేతులు కట్టుకుంది.

ధబ్!

హాలంతా లేచి నిలబడింది. బుంగమూతి మొహం తెల్లబోయింది. వదినకి ఈల రాకూడదనుకుంది గానీ, నడుం విరగాలనుకోలేదు.

"వదినా, దెబ్బ తగిలిందా? చేతులు తీసేశానే... నువ్వే కదా అక్కర్లేదన్నావు!"

"తీసేస్తావా, రాక్షసీ!" పరుపు మీద కూర్చుని నడుం రుద్దుకుంది దూదిపింజ.

సారు ఒక పొడుగాటి కుర్రాణ్ణి వెనక నిలబెట్టి, మళ్లీ పడమన్నాడు. ధబ్! "ఈవిడ బాగానే బరువుంది సార్," అన్నాడు వాడు కింద నుంచి.

"బుంగమూతీ, నువ్వు రా."

బుంగమూతి వెళ్లి చేతులు చాచింది. దూదిపింజ గాల్లో ఆగింది.

సారు ఒక్క క్షణం ఆలోచించి, తనే వెనక్కి తిరిగి పడ్డాడు. ఆగాడు. జేబులోని పెన్ను కింద పడింది, ఆయన పడలేదు. పడుకున్నవాడు పడుకున్నట్టే చెయ్యి వెనక్కి చాచి, ఈల బుంగమూతి మెడలో వేశాడు.

ఆ తర్వాత కుర్చీల్లోంచి పెద్దవాళ్లు వరస కట్టారు. అందరికంటే చివర్న అమ్మ, కాస్త సిగ్గుపడుతూ. గాల్లో కళ్లజోడు సర్దుకుని, "కాసేపు ఇలాగే ఉంచవే, నడుం హాయిగా ఉంది," అంది. ఉంచింది. ఆ పూట భుజాలు లాగలేదు.

హాలు ఖాళీ అయ్యాక బుంగమూతి అడిగింది. "వదినా, నన్నొక్కసారి గాల్లో ఆపవా?"

దూదిపింజ పళ్ల బిగువున చేతులు చాచింది. ధబ్! ఇద్దరూ ఒకరి మీద ఒకరు పరుపు మీద.

లేచి చూస్తే, వదిన కళ్లు ఈల మీదే ఉన్నాయి. కింది పెదవి ముందుకొచ్చింది. సెలవులంతా తను అద్దంలో చూసుకున్న మూతే అది.

బుంగమూతి ఈల ఒకసారి గట్టిగా ఊది, తీసి చూపించింది. "కావాలా?"

"నువ్వు ఊదేసింది నాకెందుకే!" అంది దూదిపింజ.

కానీ చెయ్యి చాచింది.