తుంపర్లకు తట్టుకునే గొంతు

"రేడియో గోడకు నిలవాలంటే ముందు టైలు పొడిగా ఉండాలి" అని దాంతో వచ్చిన కాగితంలో రాసి ఉంది. మా బాత్రూంలో టైలు పొడిగా ఉండే వేళ ఏదో, పద్నాలుగేళ్ళుగా వాటిని తోముతున్న నాకే తెలియదు. పాత తువ్వాలు పెట్టి తుడిచాను. తుడిచిన చోటే మళ్ళీ చెమ్మ. మళ్ళీ తుడిచాను. రేడియో వెనక ఉన్న రెండు రబ్బరు చిప్పల్నీ గోడకు అదిమి, లోపలి గాలి పోయేదాకా అరచేత్తో నొక్కిపట్టి, కాగితంలో చెప్పినట్టే అరవై అంకెలు చదివి వదిలాను. నిలిచింది. అయినా నమ్మకం చాలక, అప్పుడే నడక నేర్చిన పిల్ల వెనక నిలబడ్డట్టు కాసేపు దాని కింద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. పడలేదు.

"బాత్రూంలో రేడియో ఏంటి, విడ్డూరం కాకపోతే! హాల్లో ఉన్నది చాలదా?" అన్నారు మా ఆయన, పేపరు దించకుండానే. హాల్లో ఉన్నది ఆయనది. దాని మీద ఎప్పుడూ ఒక గుడ్డ కప్పి ఉంటుంది. ఆ గుడ్డ ఉతకడం వరకే నాకు అధికారం.

"నీళ్ళు పడితే షాకు కొడుతుందేమోనే అమ్మాయ్" అంది అత్తయ్య.

"బ్యాటరీలతో నడుస్తుంది అత్తయ్యా. తుంపర్లు పడితే దీనికేం కాదు. నీళ్ళలో ముంచితేనే పాడవుతుంది."

అంటూ అంటూనే నాకు నవ్వొచ్చింది. నా గురించి కూడా ఇలాంటి కాగితం ఒకటి రాసి పెళ్ళినాడే వీళ్ళ చేతిలో పెట్టి ఉంటే ఎంత బాగుండేదో!

నేను బస్ స్టేషన్‌లో అనౌన్సర్‌ని. తొమ్మిదేళ్ళ నుంచి అదే మైకు, అదే కుర్చీ. నా ఒక్క మాట మీద వందల మంది సామాన్లు ఎత్తుకుని మూడో ప్లాట్‌ఫారం నుంచి ఏడో ప్లాట్‌ఫారానికి పరిగెడతారు. ఇంట్లో గదిలోంచి వస్తూ ఆ ఫ్యాను ఆపండి అంటే ఆపే నాథుడు లేడు. "మైకు ముందు కూర్చుని వాగడమేగా మేడం, నీడపట్టున ఉద్యోగం" అనేవాడు మా కంట్రోలర్. అదే నోటితో, టీ వచ్చిందో లేదో చూసి రమ్మనేవాడు. నలుగురు మగాళ్ళున్న గదిలో టీ సంగతి నాకే ఎందుకు తెలియాలో చాలా ఏళ్ళు అడగలేదు. మొన్నీమధ్య అడిగాను. ఇప్పుడు ఆయనే లేచి వెళ్తున్నాడు. అడగడం ఇంత తేలికని తెలిస్తే మొదటి వారంలోనే అడిగేదాన్ని.

పోయిన నెల హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇకమీదట అన్ని బస్ స్టేషన్లలోనూ రోజూ ఉండే ప్రకటనలు ఒకే గొంతులో, రికార్డు చేసినవి వినిపిస్తారట. అప్పటికప్పుడు వచ్చే మార్పులు మాత్రం ఎక్కడివాళ్ళు అక్కడే చెప్పుకోవాలి. అందరి గొంతులూ నమూనాకి తీసుకుని, చివరికి నాది ఎంచారు. పన్నెండు రోజులు వేరే ఊళ్ళో ఉండి స్టూడియోలో చదవాలి. నమూనా సీడీ చేతిలో పెట్టి, "మీ తప్పులు మీరే పట్టుకుని రాసుకోండి. వస్తున్నట్టు శుక్రవారంలోగా సంతకం పెట్టండి" అన్నారు.

ఇంట్లో చెప్పాను. "పన్నెండు రోజులా? మరి ఇల్లో?" అన్నారు మా ఆయన. ఇల్లు ఎక్కడికి పోతుంది అని నోటిదాకా వచ్చింది కానీ మింగేశాను. "సర్లే, తర్వాత చూద్దాం" అన్నారాయన. పద్నాలుగేళ్ళ అనుభవం మీద చెబుతున్నాను, మా ఇంట్లో 'తర్వాత' అంటే 'వద్దు' అని. నేను ఆగిపోయిన డిగ్రీ పూర్తి చేస్తానన్నప్పుడూ ఆయన తర్వాత చూద్దామనే అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

నా తప్పులు పట్టుకోవాలంటే సీడీ వినాలి కదా! ఎక్కడ వినను? హాల్లో టీవీ, వంటింట్లో నేను, పడగ్గదిలో ఆయన నిద్ర. ఒంటరిగా గడియ వేసుకునే హక్కు ఒక్క బాత్రూంలోనే ఉంది. అదీ అంతంతమాత్రమే. నేను లోపల ఉన్నానంటే ఇంట్లో అందరి చెవులూ నీళ్ళ చప్పుడు మీదే ఉంటాయి. చప్పుడు వినపడినంతసేపూ ఊరుకుంటారు. ఆగిందా, ఇక మొదలు. "అయిపోయిందా?" "నా నీలం చొక్కా ఎక్కడ?" "అమ్మాయ్, పొయ్యి కట్టెయ్యనా?" అందుకని కుళాయి సన్నగా బకెట్‌లోకి వదిలి, అది నిండేదాకా గోడకు ఆనుకుని కళ్ళు మూసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఈ విద్య నా ఒక్కదానికే వచ్చనుకోను. చిక్కల్లా, ఎంత సన్నగా వదిలినా బకెట్ నిండుతుంది. అందుకే సీడీ కూడా పాడే ఈ రేడియో కొన్నాను. దీనికి నిండడమన్నది లేదు.

మొదటి మూడు రోజులూ రేడియోనే విన్నాను. వెనక వేలాడే తీగను కిటికీ ఊచకు చుడితే తప్ప స్టేషన్ అందదు. చుట్టాక వార్తలు, వాతావరణం, మొక్కలకు పట్టే తెల్లపురుగు గురించి ఎవరో పెద్దాయన ఉపన్యాసం, అన్నీ విన్నాను. మాకు ఒక్క మొక్కా లేదు. అయినా ఆ పురుగును ఎలా వదిలించాలో ఇప్పుడు నాకు క్షుణ్ణంగా తెలుసు. తలుపు బయట పిలుపులు మామూలే. "రేడియో మోతలో వినపడలేదండీ" అన్నాను బయటికొచ్చి. అబద్ధం. శుభ్రంగా వినపడ్డాయి.

గురువారం పొద్దున చేతులు తుడుచుకుని సీడీ పెట్టాను. రేడియో ముందున్న చిన్న అద్దంలో 'డిస్క్ లేదు' అని వెలిగింది. ఖాళీది ఇచ్చారేమో, నన్ను ఎంచడం కూడా ఉత్తదేనేమో అని ఎక్కడెక్కడికో పోయింది బుద్ధి. చూసుకుంటే, నీళ్ళు చొరకుండా మూత చుట్టూ రబ్బరు అంచు ఉంటుంది, 'టక్' మనేదాకా గట్టిగా నొక్కాలి. నేను ఎవరికీ వినపడకూడదన్నట్టు మెల్లగా మూశాను. తలుపులన్నీ చప్పుడు కాకుండా మూయడం నేర్చిన చేయి మరి! ఈసారి నొక్కాను. టక్.

"ప్రయాణికులకు గమనిక" అంటూ ఒక ఆడగొంతు మొదలైంది. అది నేనే. మైకులో తొమ్మిదేళ్ళు మాట్లాడానే గానీ ఎదురుగా నిలబడి ఎన్నడూ విన్నదాన్ని కాదు. ఆగాల్సిన చోట ఆగుతోంది. తొందర లేదు, సంజాయిషీ లేదు. ఇంట్లో నేననే ప్రతి మాటా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి విసిరేదే. ఇది విసరడం లేదు, చెబుతోంది. తప్పుల కోసం పెన్సిలు పట్టుకున్నాను కదా, 'దయచేసి' ముందు ఊపిరి చప్పుడు ఒకటి, ఊరి పేరు చివర గొంతు జారడం ఒకటి, రెండు రాసుకున్నాను. మూడోది వెతుకుతుంటే బయట మాటలు వినపడ్డాయి.

"ఎవర్రా ఆ అమ్మాయి? ఎంత కుదురుగా చెబుతోందో!" అత్తయ్య.

"రేడియోలో ఎవరోలేమ్మా. గొంతంటే అలా ఉండాలి. మనింట్లోనూ ఉంది ఒకటి, 'ఆఁ... వస్తున్నా' తప్ప ఇంకో మాట రాదు." అని ఆయన నవ్వు.

చెప్పొద్దూ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బస్ స్టేషన్ బయట పళ్ళమ్మే ఆవిడ నేను బేరమాడ్డానికి నోరు తెరవగానే "మీరు మైకులో అమ్మ కదూ" అంటుంది. ఈయనకు తెలియలేదు. పద్నాలుగేళ్ళు పక్కన పడుకున్న మనిషికి తెలియలేదు. ఏడుపు ఎంతోసేపు నిలవలేదు, కోపం వచ్చింది. కోపం వెనకే నవ్వు కూడా వచ్చింది. నా మొహం చూడలేదు కాబట్టే ఆయన నిజం చెప్పారు. నేనని తెలిసుంటే ఆ మెప్పు ఈ జన్మకు దొరికేదా?

రబ్బరు చిప్పల అంచు ఎత్తి పెట్టెను గోడ నుంచి ఊడదీశాను. తడి జుట్టుతోనే హాల్లోకి వచ్చి, ఆయన రేడియో మీది గుడ్డ మీదే దాన్ని పెట్టి, మొదటి నుంచి మొదలుపెట్టాను. "ప్రయాణికులకు గమనిక" అంది సీడీ. దానితో పాటే నేనూ అన్నాను. బస్సు నంబరు, ఊరు, ప్లాట్‌ఫారం, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా ఇద్దరం కలిసి చెప్పాం. ఆయన పేపరు మొదటిసారి పూర్తిగా కిందికి దిగింది.

"నీదా?"

"నాదే. ఆ గొంతు కోసమే రమ్మంటున్నారు. రేపు సంతకం పెడుతున్నాను."

"అదేంటి, తర్వాత చూద్దామన్నాను కదా!"

"ఇదేనండీ ఆ తర్వాత."

"మరి ఇల్లు..."

"ఇల్లు ఎక్కడికీ పోదు. నేనే వెళ్తున్నాను."

గొంతు పెంచలేదు. మైకులో ఎలా చెబుతానో అలాగే చెప్పాను. ఆయన ఇంకేదో అనబోయి, పేపరు మడతపెట్టి, మళ్ళీ విప్పారు. అత్తయ్య సీడీ అయిపోయేదాకా విని లేచి వెళ్ళిపోయింది. ఆమెకు కోపం వచ్చిందనుకున్నాను.

బుధవారం ఉదయం నా బస్సు. బ్యాగు సర్దుకుంటుంటే అత్తయ్య తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూం గుమ్మంలో నిలబడింది.

"అమ్మాయ్, ఆ పెట్టె ఎలా పెట్టాలో చూపించి వెళ్ళవే."

చూపించాను. టైలు పొడిగా తుడవడం, అదిమిపట్టడం, మూత టక్‌మనేదాకా నొక్కడం. నాకంటే త్వరగా పట్టుకుంది. "రేడియో పెట్టమంటారా?" అంటే, "వద్దు, నీదే ఉంచు. ఆ అమ్మాయి కుదురుగా చెబుతుంది" అంది. తర్వాత తలుపు గడియ చూపించి, "ఇది నాకు పడట్లేదు" అంది.

"రోజూ వేసేదేగా అత్తయ్యా?"

"నువ్వేస్తావు. నేనెప్పుడేశాను? మీ మామగారు రెండో పిలుపుదాకా ఆగే మనిషి కాదు. ఆయన పోయాక వీడు. గడియ తీసేసరికి ఆలస్యమవుతుందని తలుపు ఊరికే దగ్గరికేసుకునేదాన్ని. నలభై రెండేళ్ళు."

వంటింట్లోకి వెళ్ళి నూనె తెచ్చి, గడియకు రెండు చుక్కలు వేసి, నాలుగుసార్లు అటూ ఇటూ ఆడించాను. ఆమె కూడా వేసి, తీసి, వేసి చూసుకుంది. నన్ను బయటికి పంపి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు విన్నాను.

నేను చెప్పులు తొడుక్కుంటుండగా మా ఆయన పాలగిన్నె చేత్తో పట్టుకుని వచ్చి బాత్రూం తలుపు కొట్టారు. "అమ్మా! అయిపోయిందా? ఇవి ఎంతసేపు కాచాలి?" మళ్ళీ కొట్టారు. "అమ్మా, నిన్నే!"

లోపల సీడీ మోత రెండింతలు పెరిగింది. నేను బ్యాగు ఎత్తుకుని గుమ్మం దాటుతుంటే, నా గొంతు ఆయనకు చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా జవాబు చెప్పింది.

"ప్రయాణికులు దయచేసి వేచి ఉండగలరు."