మైనస్ ఆరు

తోడల్లుళ్ళిద్దరూ ఒకే ఆఫీసులో పనిచేసేవారు. ఇనుప రేకులు కత్తిరించే యంత్రాలు తయారుచేసే కంపెనీ అది. సాఫ్ట్‌వేర్ విభాగానికి పెద్దల్లుడు పెద్ద. చిన్నల్లుడికి ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా అతనే. ఆ సంగతి వారానికోసారైనా గుర్తుచేసేవాడు.

యంత్రం పక్కన ఎర్ర బటన్ ఉంటుంది. నొక్కితే కత్తి ఆగాలి. నొక్కిన సంగతి ప్రాసెసర్‌కి చేరవేసే పిలుపును ఇంటరప్టు అంటారు. ఒక్కో పిలుపుకి ఒక్కో నంబరు. యంత్రం మొదలయ్యేటప్పుడు, దాన్ని నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రాము ఆ నంబరు అడుగుతుంది. నంబరు లేకపోతే సాఫ్ట్‌వేర్‌కంతటికీ మూలమైన కెర్నెల్ మైనస్ ఆరు ఇస్తుంది, లేదని చెప్పడానికి.

పెద్దల్లుడు రాసిన డ్రైవర్ ఆ జవాబును మైనస్ అంకెలు పట్టని చోట దాచేది. అక్కడ మైనస్ ఆరు కాస్తా నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల పైచిలుకు అయి కూర్చునేది. సున్నా కంటే తక్కువా అని కింది లైన్లలో ఎంత అడిగినా కాదనే తేలేది. ఆ నంబరు చెల్లకపోయినా డ్రైవర్ ఒక హెచ్చరిక రాసి ఊరుకునేది. యంత్రం నడిచేది.

చిన్నల్లుడు అది కనిపెట్టి సవరణ పంపాడు. నంబరు చెల్లకపోతే యంత్రం మొదలే కాకూడదు. పెద్దల్లుడు దాన్ని మీటింగులో తెర మీద పెట్టాడు.

"మన బటన్‌కి రెక్కలొచ్చి ఎగిరిపోతుందా తమ్ముడూ?"

"సర్క్యూట్ బోర్డు మారినప్పుడు నంబర్ల పట్టికలో బటన్ లైను రాయడం మర్చిపోవచ్చు అన్నయ్యా."

"మర్చిపోతే నువ్వున్నావుగా, మైనస్సులు ఏరడానికి. ఇది వద్దు. డ్రైవర్లో నంబరు దాచే లైను పక్కనే నేను రాసిన మాటలో ఒక అక్షరం తప్పు పడింది, అది దిద్దు. నీ చేతికి సరిపడ్డ పని."

అందరూ నవ్వారు. అతను అక్షరం దిద్దాడు. సవరణ వద్దంటూ పెద్దల్లుడు పంపిన మెయిల్ మాత్రం కాగితం మీద తీసుకుని దాచుకున్నాడు. ఆ రోజు నుంచి ఆఫీసులో అతని పేరు మైనస్. అత్తవారింట్లో భోజనాల దగ్గర పెద్దల్లుడు ఆ కథ అభినయంతో సహా చెప్పాడు. అత్తగారు పొలమారేదాకా నవ్వింది. తన భార్య తల వంచుకుని నవ్వడం కూడా చిన్నల్లుడు చూశాడు.

నాలుగు నెలలకు కొత్త బోర్డులు వచ్చాయి. వాటి పట్టికలో బటన్ లైను ఎవరూ రాయలేదు. కింద షెడ్డులో రేకులు అందించే ఆవిడ చేతి తొడుగు కత్తి కింద చిక్కుకుంది. రెండో చేత్తో ఎర్ర బటన్ మూడుసార్లు నొక్కింది. కత్తి ఆగలేదు. మూడు వేళ్ళు పోయాయి.

విచారణలో మేనేజరు డ్రైవర్లో నంబరు దాచే లైనును చివరిసారి ముట్టుకున్నదెవరని అడిగాడు. దిద్దిన అక్షరం పుణ్యమా అని చిన్నల్లుడి పేరు వచ్చింది.

"తప్పు నాదే సార్," అన్నాడు పెద్దల్లుడు తల దించుకుని. "సొంతవాడు కదాని సరిగా చూడలేదు."

చిన్నల్లుడు ఇంటికొచ్చి కాగితం బయటకు తీశాడు. భార్య దాన్ని చేతిలోంచి తీసుకుని మడిచింది.

"అక్కకి ఇప్పుడు ఏడో నెల. బావగారి ఉద్యోగం పోతే తట్టుకోలేదు. మీకు ఇంకోటి దొరక్కపోదు."

అతను ఆ మడత అలాగే తీసుకుని పెట్టెలో పెట్టాడు. అతని ఉద్యోగం పోయింది. అదే వారం అతని సవరణ అక్షరం మారకుండా పెద్దల్లుడి పేరుతో డ్రైవర్లో చేరింది.

తర్వాత ఆసుపత్రికి వెళ్ళాడు. ఆవిడ చేతి కట్టు దిండు మీద పెట్టుకుని పడుకుని ఉంది.

"మూడుసార్లు నొక్కాను బాబూ. ఎందుకు ఆగలేదు?"

"బటన్ నొక్కినట్టు యంత్రానికి తెలిసే దారి లేదమ్మా."

"అలా జరుగుతుందని నీకు ముందే తెలుసా?"

"తెలుసు. పైవాళ్ళకి చెప్పాను. వద్దన్నారు."

ఆవిడ దిండు మీద నుంచి తల ఎత్తింది.

"క్యాంటీన్లో రోజూ నా పక్క బల్ల మీదే తినేవాడివి. ఆ బటన్ని నమ్మొద్దని నాకొక్క మాట చెప్పలేకపోయావా?"

ఆవిడ గోడవైపు తిరిగింది. మంచం పక్కన కూర్చున్న ఆవిడ కూతురు లేచి తలుపు తెరిచి పట్టుకుంది.

మర్నాడు అతను భార్యకు చెప్పకుండా ఆ కాగితం మేనేజరుకు పంపాడు. విచారణ ముగిసిందనీ, కంపెనీ పత్రాలు ఇంట్లో పెట్టుకోవడం నేరమనీ జవాబు వచ్చింది. ఆ సంగతి పెద్దల్లుడి ద్వారా అత్తవారింటికి చేరడానికి గంట పట్టలేదు. అక్కకి తోడుండాలంటూ భార్య బట్టలు సర్దుకుని వెళ్ళింది. రెండు నెలలకు ఆ అక్కకి మగపిల్లవాడు పుట్టాడని అతనికి పక్కింటివాళ్ళు చెప్పారు.