మేకకీ బాతుకీ మధ్య పుచ్చకాయ

మా ఆయన మేక, మా అన్నయ్య బాతు. కొత్తవాళ్ళతో ఈ మాట అంటే నా వంక అదోలా చూస్తారు గానీ, మా గదిలో పనంతా ఈ రెండు ముక్కల మీదే నడుస్తుంది. మేము పిల్లల కోసం బొమ్మల సినిమాలు తీస్తాం. ఒక్కోటీ ఏడు నిమిషాలు. ప్రతిదాంట్లోనూ ఒక మేకా ఒక బాతూ ఏదో ఒక వస్తువు కోసం కొట్టుకుంటాయి. ఒకసారి గొడుగు, ఒకసారి స్నానాల తొట్టి, ఒకసారి రైల్లో కిటికీ పక్క సీటు. గోడల్లో మేక ఆకారంలో కన్నాలు పడతాయి. రోడ్డు రోలరు కింద పడ్డ బాతు కాగితంలా పల్చబడి, బొటనవేలు నోట్లో పెట్టుకుని గాలి ఊదుకుని మళ్ళీ లేస్తుంది. బాతుకి బొటనవేలేమిటని అడగకూడదు. అడిగితే అన్నయ్యకి కోపం వస్తుంది.

మేకని మా ఆయనే గీయాలి, బాతుని అన్నయ్యే గీయాలి. వేరే వేరే కాగితాల మీద, వేరే వేరే బల్లల దగ్గర. నేను ఆ బొమ్మల్ని అవతలివైపు కనిపించే ప్లాస్టిక్ రేకుల మీదకి దించి, వెనకనుంచి రంగు వేస్తాను. మా అత్తయ్య బాతు రేకు మీద మేక రేకు పెట్టి, పైనుంచి వేలాడే కెమెరాతో ఒక్కొక్కటే ఫోటో తీసి, కంప్యూటర్లో వరస పెడుతుంది. అత్తయ్యకి ఒక కన్ను సరిగా కనిపించదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే "కెమెరాకి మాత్రం ఎన్నున్నాయి?" అంటుంది.

మా గదిలో రెండే రూల్స్. ఎవరి జంతువు వాళ్ళదే, రెండోవాళ్ళు ముట్టుకోకూడదు. వస్తువు ఎవరి చేతిలో ఉంటే ఆ కాగితం మీద వాళ్ళే గీయాలి. గొడుగు మేక పట్టుకున్నంతసేపూ అది మా ఆయన పని, బాతు లాక్కున్న మరుక్షణం అన్నయ్య పని. ఇవి కాక ఒక అలవాటుంది. సినిమా పూర్తయ్యాక అత్తయ్య చూస్తుంది. ఆవిడ నవ్వితే బయటికి పోతుంది, నవ్వకపోతే చెత్తబుట్టలోకి పోతుంది. ఆవిడ ఊరికే నవ్వే మనిషి కాదు.

ఆ మొదటి రూల్‌ని మా ఆయన తప్పాడు. స్నానాల తొట్టి సినిమా చివర్లో అన్నయ్యకి జ్వరం వచ్చింది. బాతు తొట్టిలోంచి జారిపడే సన్నివేశం ఒక్కటే మిగిలిపోయింది. మా ఆయన ఎవరికీ చెప్పకుండా ఆ ఇరవై కాగితాలూ తనే గీసేశాడు. రంగు వేసింది నేనే కాబట్టి నాకు తెలుసు. మంచికే కదా అని నోరు మూసుకున్నాను. అవి అన్నయ్య ఇంటినుంచి గీసి పంపినవే అనుకున్న అత్తయ్య, ఆ జారిపడటం చూసి కుర్చీలో వెనక్కి పడిపోయేలా నవ్వింది.

అన్నయ్య తగ్గి తిరిగొచ్చిన రోజున ఆవిడ గుమ్మంలోనే ఎదురెళ్ళింది. "అబ్బాయ్, జ్వరం నీకు బాగా కలిసొచ్చింది. ఆ ముక్కు ఎంత ముద్దుగా కుదిరిందో. ఇన్నేళ్ళలో నువ్వు ఇంత బాగా గీయలేదు" అంది.

అన్నయ్య వెళ్ళి ఆ రేకులు తీసి చూశాడు. తర్వాత మా ఆయన వంక చూశాడు. మా ఆయనకి సరిగ్గా అప్పుడే పెన్సిల్ చెక్కుకోవాల్సిన అవసరం వచ్చింది. రెండు రోజుల తర్వాత అసలు విషయం తెలిసి అత్తయ్య నాలుక కరుచుకుంది గానీ, అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ఆ రోజునుంచి నలభై రోజులు బావా బావా ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోలేదు.

బల్లలు రెంటికీ మధ్య ఎనిమిదడుగులు. ఆ ఎనిమిదడుగులూ మాటలు మోసింది నేను.

"మీ అన్నయ్యతో చెప్పు, పద్దెనిమిదో కాగితంలో బాతు కాలు అడ్డం తీయలేదని. నా మేక దానిమీద కూర్చుంటోంది."

"మీ ఆయనతో చెప్పు, కూర్చునే ముందు చూసుకోవాల్సింది మేకేనని."

ఇద్దరికీ రెండోవాడి మాట స్పష్టంగా వినిపిస్తుంది. అయినా నేను లేచి, నడిచి, మళ్ళీ చెబితే తప్ప వినపడనట్టు కూర్చుంటారు. వినోదంగానే ఉండేది, ఉత్తరం రానంతవరకు.

ఆ ఉత్తరం వేరే ఊళ్ళోని పెద్ద కంపెనీ నుంచి వచ్చింది. రెండు వందలమంది బొమ్మలు గీసే చోటట. సోమవారం వచ్చి చేరమన్నారు. అన్నయ్య నాకు ఒక్కదానికే చూపించాడు.

"అతనే గీయగలిగితే, నాకంటే బాగా గీయగలిగితే, ఇక్కడ నేనెందుకు చెప్పు?" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. మెల్లగా అన్నాడు.

మా అమ్మానాన్నా లేరు. మేం పుట్టిన ఇల్లు ఇప్పుడు ఎవరిదో. కిటికీ పక్కన అన్నయ్య కూర్చునే ఆ బల్లే నాకు మిగిలిన పుట్టిల్లు. అది ఖాళీ అయిపోతే మేకొక్కటే గోడలకి కన్నాలు పెడుతూ ఏం చేస్తుంది? నేనేం చేస్తాను? ఆ మాట అన్నయ్యతో అనలేకపోయాను. మా ఆయనతో మాత్రం ఉత్తరం సంగతి చెప్పేశాను. ఆయన చెక్కిన పెన్సిల్నే మళ్ళీ చెక్కాడు. అంతే. క్షమించమనడం ఆయనకి చేతకాదు. ఆ మాట నోటిదాకా వచ్చి దగ్గైపోతుంది.

అప్పుడు మేం తీస్తున్నది పుచ్చకాయ సినిమా. శనివారం పొద్దున లైబ్రరీలో పిల్లలకి చూపించాలి. చివరి సన్నివేశం తప్ప అన్నీ అయిపోయాయి. అందులో మేకా బాతూ పుచ్చకాయని చెరోవైపు పట్టుకుని లాగుతుంటాయి. ముప్పయ్యో కాగితందాకా కాయని ఇద్దరూ చెరి సగం గీయాలి. ముప్పయ్యొకటో కాగితంలో కాయ ఎవరో ఒకరికి దక్కాలి. ఎవరికి?

"మేకకి" అని మా ఆయన.

"వెళ్ళిపోయేముందు ఒక్కసారైనా బాతు గెలవాలి" అని అన్నయ్య.

మూడు రోజులు కాలికి బలపం కట్టుకుని ఆ ఎనిమిదడుగులూ తిరిగాను. ఒక్కడూ దిగిరాలేదు. బుధవారం అత్తయ్య "రేపు మధ్యాహ్నానికి కాగితాలు రాకపోతే కెమెరా మూసేసి పడుకుంటాను" అని తేల్చి చెప్పేసింది.

అప్పుడు నాకొక దుర్బుద్ధి పుట్టింది. మా ఆయన దగ్గరికి వెళ్ళి "అన్నయ్య ఒప్పుకున్నాడు, కాయ మేకకే ఇచ్చేయమన్నాడు" అన్నాను. అన్నయ్య దగ్గరికి వెళ్ళి "ఆయన ఒప్పుకున్నారు, బాతుకే ఇచ్చేయమన్నారు" అన్నాను. నా లెక్క ఏమిటంటే, ఇద్దరూ ఎవరికి వారు కాయ గీసుకుంటారు. తెరమీద రెండు కాయలు పడతాయి. ఎవడిది తప్పని కొట్టుకోవాల్సి వస్తుంది. కొట్టుకోనీ. మాట్లాడకుండా కొట్టుకోలేరు కదా.

"బావ అన్నాడా ఆ మాట?" అని మా ఆయన రెండుసార్లు అడిగాడు. అన్నయ్యేమో కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ తుడిచాడు.

గురువారం మేక కాగితాలు ముందొచ్చాయి. రేకుల మీదకి దించుతూ దించుతూ ముప్పయ్యొకటో కాగితం దగ్గర ఆగిపోయాను. మేక చేతుల్లో కాయ లేదు. వట్టి చేతులు చాచి, మెడ వంచి, గడ్డం నేలకి ఆనించి, తీసుకోమన్నట్టు నిలబడి ఉంది. కాయ బాతుకిచ్చేసింది. గెలిచావని చెప్పిన తర్వాత కూడా మా ఆయన ఓడిపోయాడు. నోటితో చెప్పలేని మాటని మేక చేత చెప్పించాడు. నాకు కళ్ళు చెమర్చాయి. పోనీలే, కాయ బాతు దగ్గరుంటుంది, కథ సరిపోతుంది అనుకున్నాను.

మధ్యాహ్నం బాతు కాగితాలొచ్చాయి. ముప్పయ్యొకటో కాగితంలో బాతు ఒక రెక్క గుండె మీద పెట్టుకుని, రెండో రెక్క పక్కకి చాచి, ముందు మీరు అన్నట్టు నడుం వంచి ఉంది. రెక్కలు రెండూ ఖాళీ.

కాయ ఎవరూ గీయలేదు. ఇచ్చేసినవాడు గీయనక్కర్లేదు. మా రూలే అంత. బావ ఇచ్చాడన్న మాట వినగానే ఇద్దరికీ ఒకే మంచితనం పొంగుకొచ్చి, ఇద్దరూ ఇచ్చేసి కూర్చున్నారు.

ఇద్దర్నీ పిలిచి చెప్పాలా, నేనే ఎవరో ఒకరి చేతిలో కాయ వేసెయ్యాలా అని కుంచె పట్టుకుని ఆలోచించాను. చివరికి ఏమీ చేయలేదు. ఉన్నదున్నట్టు రంగేసి అత్తయ్యకిచ్చేశాను.

శుక్రవారం పొద్దున నలుగురం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. బావలిద్దరూ చెరో చివర, మధ్యలో నేనూ అత్తయ్యా. సినిమా మొదలైంది. మేక నిచ్చెనెక్కితే బాతు నిచ్చెన తీసేసింది. మేక ఆ సంగతి తెలియక గాల్లో ఇంకో నాలుగు మెట్లెక్కింది. బాతు ఫిరంగిలో దూరితే మేక ఆ ఫిరంగి మూతిని గోడవైపు తిప్పేసింది. అత్తయ్య పెదవి కదపలేదు. చివరి సన్నివేశం వచ్చింది. లాగారు. లాగారు. ఇద్దరి కళ్ళూ బయటికొచ్చాయి. కాయ సాగి పొట్లకాయంత పొడుగైంది. ఉన్నట్టుండి కాయ లేదు. రోడ్డు మధ్యలో ఒక మేకా ఒక బాతూ ఎంతో మర్యాదగా ఒకదానికొకటి గాలిని బహూకరించుకుంటున్నాయి.

 అత్తయ్య భుజాలు ఊగడం మొదలెట్టాయి. ఆవిడ బాగున్న కన్ను మూసుకుని, బల్ల మీద చరుస్తూ, ఊపిరి తిరక్క నవ్వింది. మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ నవ్వింది.

బావలిద్దరూ మాత్రం నవ్వలేదు. ఒకడి బొమ్మని ఒకడు చూస్తున్నారు. అన్నయ్య ఆ వంచిన మెడ వంకే చూస్తున్నాడు.

"బావా, కాయేది?" అన్నాడు. నలభై రోజుల్లో అదే మొదటి మాట.

"నీకిచ్చానుగా."

"నేను నీకిచ్చాను."

"నువ్వెందుకిచ్చావ్? గెలవాలన్నది నువ్వేగా."

"నువ్వు ముందిచ్చావన్నారు కాబట్టి ఇచ్చాను. అసలు నిన్నెవడివ్వమన్నాడు?"

అప్పుడిద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. నేను పైకప్పు చూశాను. మనసులో మాత్రం గంతులేస్తున్నాను. అరుచుకుంటున్నారు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని అరుచుకుంటున్నారు.

"ఆపండిరా. అంత లాగి ఇద్దరూ ఒక్కసారే వదిలితే కాయ ఎటు పోతుంది? పైకే పోతుంది. పోయింది కిందికి రాదా?" అంది అత్తయ్య.

 ఇద్దరూ పెన్సిళ్ళు అందుకున్నారు. కాయ ఆకాశంలోంచి వచ్చి ఇద్దరి నెత్తిమీదా పడాలి. పగిలిన చెక్కలు చెరో టోపీలా దిగిపోవాలి. నీ చెక్క పెద్దదంటే నీ చెక్క పెద్దదని మళ్ళీ తరుముకోవాలి. గాల్లో ఉన్న కాయ ఎవరు గీయాలన్న ప్రశ్న వచ్చింది. చేతిలో లేని వస్తువుకి మా దగ్గర రూల్ లేదు. "నేను గీస్తాను" అన్నాను. ఎవరూ కాదనలేదు.

చిక్కంతా బాతు దగ్గర వచ్చింది. మేక ఎనిమిది కాగితాల్లో దెబ్బకి పడిపోతుంది. చెక్క కళ్ళమీదకి దిగి ఏమీ కనపడని బాతు రోడ్డంతా గిరగిరా తిరగాలి. నలభై కాగితాలు. సాయంత్రానికి ఒక్క చెయ్యితో అయ్యే పని కాదు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నలభై రోజులు అందరి మాటలూ మోసినదాన్ని, ఇక నా మాట ఒక్కటి చెప్పాలనిపించింది.

"ఏవండీ, వెళ్ళి అన్నయ్య పక్కన కూర్చుని సగం బాతులు గీయండి" అన్నాను.

అన్నయ్య తలెత్తలేదు. కాగితాల కట్ట మాత్రం కొంచెం ఇటు జరిపాడు. మా ఆయన కుర్చీ ఆ ఎనిమిదడుగులూ ఈడ్చుకెళ్ళి కూర్చున్నాడు.

నేను ఎదురుగా కాయ గీస్తూ ఆయన గీతే చూస్తున్నాను. ముందు తల, మెడ, ఆ తర్వాత ముక్కు. ఎంత ముద్దుగా వచ్చిందంటే, అచ్చం ఆ తొట్టి సన్నివేశంలో అత్తయ్యని పడగొట్టిన ముక్కే. ఆయన దాన్ని కాసేపు చూసుకున్నాడు. తర్వాత రబ్బరు తీసి పూర్తిగా చెరిపేసి, ఆ చోట వేలెడు పొడుగున ఒక ముక్కు తగిలించాడు. గీత ఒక్కటి వంకరపోతే ఆ పూట భోజనం మానేసే మనిషి, చూస్తూ చూస్తూ అలాంటి ముక్కు పెట్టి, ఆ కాగితం అన్నయ్య ముందుకి తోశాడు.

"ఇదేంటి బావా, ముక్కా గరిటా?" అన్నాడు అన్నయ్య.

"నాకొచ్చింది అంతే బావా."

అన్నయ్య ఇరవై ఏళ్ళుగా బాతులు గీస్తున్నాడు. చేతకాక చెడిన ముక్కుకీ చెడగొట్టిన ముక్కుకీ తేడా అతనికి తెలియకుండా ఉండదు. చెరిపిన గీత ఆనవాలు కాగితం మీద ఇంకా ఉంది. దానిమీద ఒకసారి వేలు పోనిచ్చాడు. 

"సోమవారం పోదామనుకున్నాను. ఇలాంటి ముక్కు పెట్టేవాడికి బాతుని అప్పగించి ఎలా పోతానే చెల్లీ?" అని, మా ఆయన చేతిలోంచి రబ్బరు లాక్కుని, "జరుగు" అన్నాడు.

మా ఆయన జరిగాడు. నాకు ఆనందంతో కళ్ళు కనిపించడం లేదు, కాయ ఇంకా పద్నాలుగు కాగితాలు గీయాలి.