దసరా దాక గ్యారంటీ

దసరా ఇంక పది రోజులుందనంగ, ఆదివారం సాయంత్రం సిన్మ నడుస్తుండంగనే బంబైల మల్లవ్వ ఇంట్ల టీవీల బొమ్మ పోయింది. ముందుగాల బొమ్మ నలిగి నలిగి ఒక గీతంత అయింది. గీత చుక్కయింది. చుక్క సుత ఆరిపోయింది. మాట మాత్రం ఇనొస్తనే ఉన్నది. చీకట్ల నుంచి హీరోయిన్ ఏడుస్తుంటె, ఆ ఒంటర్ర ఖోలీ నిండ కూసున్న చాలీల ఇరుగుపొరుగు జనమంత మల్లవ్వ దిక్కు చూసిండ్రు, తప్పేదో ఆమెనే చేసినట్టు.

"నీ టీవీ గుడ్డిదాయె గదనే," అనుకుంట పక్క ఖోలీ పెంటమ్మ లేచింది. ఏడాది పొడుగూత అందరికన్న ముందల కూసొని చూసిన మనిషి. ఆ గొంతుల ఉన్న సంబురం ఇనేసరికి మల్లవ్వకు సుర్రుమన్నది.

"గుడ్డిదైతె కండ్లు పెట్టిపిస్త. గ్యారంటీ ఉన్నది, దసరా దాక ఉన్నది. నువ్వు నడువు నీ ఇంటికి."

మంచం మీద వెంకటయ్యకు గాబరా అయింది. మూడేండ్ల కింద దాదర్ల పరంజా మీదికెల్లి పడి నడుము ఇరిగినప్పటి సంది ఆయనకు ఆ మంచమే దిక్కు. కామాటిపురా పన్నెండో గల్లీల, మూడో అంతస్తు మీద ఉన్న ఆ ఖోలీకి కిటికీ లేదు. పెండ్లాం ఇటుకలు మోసి పొద్దుమూకంగ వచ్చి టీవీ పెడితెనే ఆయనకు ఇంత లోకం కనవడేది.

"ఇగ పోయినట్టేనా మల్లీ?" అన్నడు.

"పోతె మన శంకరుడు లేడా," అన్నది మల్లవ్వ.

శంకర్రావు వెంకటయ్యకు సొంత తమ్ముడు. తల్లి చచ్చిపోయిననాడు నాలుగేండ్ల పోరడు. కాపురానికొచ్చిన కొత్తల్నే మల్లవ్వ వాన్ని సంకనెత్తుకున్నది. ముక్కు తుడిచింది, బువ్వ తినిపిచ్చింది, ఇటుకలు మోసి మరాఠీ బడిల పదో క్లాసు దాక సదివిచ్చింది. ఇప్పుడు వర్లిల వేరే కాపురం, ఫాక్‌లాండ్ రోడ్డు మీద టీవీల దుకాణంల నౌకరి.

పోయిన దసరా నాడు టీవీ కొన్నది ఆ దుకాణంలనే. "గ్యారంటీ అంటె ఎన్నొద్దులురా?" అని మల్లవ్వ అందరి ముందట అడిగింది. "ఈ దసరా సంది మల్లొచ్చే దసరా దాక వదినా. బొమ్మ పోయినా మాట పోయినా బాధ్యత మాదే," అన్నడు శంకర్రావు. గల్లా కాడ కూసున్న సేఠ్ నవ్వుకుంట తలూపిండు. మల్లవ్వకు సదువు రాదు. మరిది మాటను నమ్మి, ఆ గ్యారంటీ కార్డుకు పసుపు బొట్టు పెట్టి ఎల్లమ్మ పటం ఎనక దాసింది.

తెల్లారి పని మానుకున్నది. పాత చీర పేలికతోని చుట్టబట్ట చేసి నెత్తిన పెట్టుకున్నది. చాలీల మొగోళ్లిద్దరు టీవీని లేపి దాని మీద పెట్టిండ్రు. చేతిబండి పిలుస్తమన్నరు గని ఆమె ఇనలే. ముప్పై ఏండ్ల సంది ఈ బంబైని మోసిన నెత్తి, ఈ డబ్బ మొయ్యదా అనుకుంట మెట్లు దిగింది. శంకరుడు మాటొక్కటి జెప్తె చాలు, మా ఆయన ముంగట మల్ల బొమ్మ కనవడుతదని ఆమె ధీమ.

దుకాణంల సేఠ్ కార్డు తీసుకున్నడు. పసుపును గోరుతోని గీకి తారీఖు సదివిండు. "నాలుగు అక్టోబరు. ఇయ్యాల పద్నాలుగు. గ్యారంటీ అయిపోయి పది రోజులు బాయీ," అన్నడు హిందీల. పిక్చర్ ట్యూబు మాడిందట. కొత్తది ఎయ్యాల్నంటె టీవీ ధరల సగం గావాల్నట.

మల్లవ్వకు ముందు నవ్వొచ్చింది. తనకొచ్చిన హిందీలనే జెప్పింది. "ఏడికెల్లి పది రోజులు సేఠ్? దసరానే రాకపాయె. ఈ యేడు శ్రావణం రెండుసార్లు రాలే? అధికమాసమొచ్చి దసరా ఎనక్కి జరిగింది. ఎవలనన్న అడుగు."

"కంపెనీకి శ్రావణం గీవణం తెల్వది. కంపెనీకి తారీఖు తెలుసు."

"అట్లనా. మరి అధికమాసంల ఈ దుకాణం ముంగట గంత పెద్ద బోర్డు ఎందుకు గట్టినవు? ఆ నెల ఇక్కడోళ్లు అల్లుండ్లకు కానుకలు పెడ్తరని గాదా, అల్లునికి టీవీ పెట్టుండ్రి, ధర తగ్గిచ్చినమని రాయిచ్చినవు? నాకు సదివి జెప్పింది మా శంకరుడే. అమ్మెటందుకు ఉన్న అధికమాసం, బాగుజేసెటందుకు లేకపాయెనా?"

దుకాణంల ఉన్న గిరాకీలు కిసుక్కున నవ్విండ్రు. సేఠ్ మొకం మాడ్చుకున్నడు. "దసరా దాక అని నీకెవడు జెప్పిండు? కాయిదం మీద ఉన్నదా?"

"కాయిదమెందుకు, జెప్పిన మనిషే ఉన్నడు. శంకరా, ఇటు రా. ఆనాడు ఏమన్నవో గదే జెప్పు."

శంకర్రావు మూలకు నిలవడి రేడియో తుడుస్తున్నడు. తుడిచిందే తుడిచిండు. సేఠ్ ఆయన దిక్కే కండ్లు పెద్దగజేసి చూస్తున్నడు. శంకర్రావు తల ఎత్తకుంటనే, మరాఠీల, "మలా ఆఠవత్ నాహీ," అన్నడు. నాకు యాదికి లేదు అని.

మాటలు నేర్సినకాడ్నించి వదినెతోని తెలుగు దప్ప ఇంకో ముక్క మాట్లాడనోడు. యాదికి లేదన్నదాని కన్న, పరాయిదాన్ని జేసి పరాయి మాటల జెప్పుడే మల్లవ్వకు గుచ్చుకున్నది. గిరాకీలనే బతిమిలాడి టీవీని మల్ల నెత్తికెత్తుకున్నది.

ఇరవై అడుగులు పోయినంక శంకర్రావు ఉరుకొచ్చిండు. ఇప్పుడు తెలుగు వచ్చింది. "వదినా, కోపం జెయ్యకు. నోరు దెరిస్తె సేఠ్ కొలువు తీసేస్తడు. ట్యూబు పైసలు నెలకింత నేనిస్త."

"నీ పైసలు ఎవలడిగిండ్రు? నువ్వన్న మాట నువ్వే అన్నవని జెప్పుమన్న. జెప్పినంక సేఠ్ ఇయ్యకపోతె నోరు మూసుకొని పోతుంటి. జరుగు, నెత్తి మీద బరువున్నది."

ఇంటికొచ్చి జెప్తె వెంకటయ్య తమ్మునికే వంత పాడిండు. "వాని కొలువు పోతె ఎట్లనే? పిల్లగాడు, భయపడ్డడు."

"పిల్లగాడా? ఇద్దరు పిల్లల తండ్రి."

"దసరాకు జమ్మి పెట్ట వస్తడు గద, గప్పుడు గట్టిగ మందలిద్దం తియ్."

ఆ పది రోజులు ఆ ఇంట్ల మాటే ఇనొచ్చింది. వెంకటయ్య నల్లటి అద్దం దిక్కు చూసుకుంట, "ఇప్పుడెవలొచ్చిండ్రే? ఏం జేస్తున్నరు?" అని అడిగేటోడు. "నాకు కనవడుతున్నదా?" అని కసురుకునేది మల్లవ్వ. కసురుకున్నంక ఆయన మొకం చూసి, నీళ్ల కుండ కాడికి పోయి ఏడ్చేది. పెంటమ్మ దినాం పొద్దుమూకంగ గడపల తలకాయ పెట్టి, "కండ్లు ఇంక పెట్టియ్యలే?" అని అడుగుడు మరువలే.

దసరా రానే వచ్చింది. వెంకటయ్య పొద్దుగాల్నే గడ్డం గీయిచ్చుకున్నడు. పొద్దు వాలంగ, దిండ్లు పెట్టిచ్చుకొని ఒరిగి కూసున్నడు. ప్రతీ యేడు తమ్ముడొచ్చి జమ్మి ఆకు చేతుల పెట్టి కాళ్లు మొక్కుతడు. ఈయన నెత్తి మీద చెయ్యి పెడ్తడు. ఆ ఒక్కపారి వెంకటయ్య తానింక ఇంటికి పెద్దోన్ననుకుంటడు. అది మల్లవ్వకు ఎరుకే.

మెట్ల మీద చెప్పుల సప్పుడైంది. కొత్త అంగి, చేతుల జమ్మి. శంకర్రావు లోపలికి రావోతుంటె మల్లవ్వ గడపల అడ్డం నిలవడ్డది.

"ఏం పని మీద వచ్చినవు?"

"దసరా గద వదినా. జమ్మి తెచ్చిన."

"దసరానా? అది అక్టోబరు నాలుగున్నే అయిపాయె గద. మీ సేఠ్ కార్డు సదివి జెప్పె, నువ్వు సుత ఇన్నవు."

"మనసుల పెట్టుకోకు వదినా. అన్న చేతులనన్న పెట్టిపోనీ."

"నీ లెక్కల ఇయ్యాల ఉత్త దినం. ఉత్త దినం నాడు జమ్మి ఎవలు తీసుకుంటరు? నీ దసరా నాడు రాకపోతివి. ఇది మా దసరా."

ఇంట్లకెల్లి వెంకటయ్య గొంతు ఇనొచ్చింది. "ఎవలే మల్లీ? మన శంకరుడేనా?"

మల్లవ్వ ఆ మొకం దిక్కు చూసింది. తను ముక్కు తుడిచిన మొకమే. కండ్లల్ల నీళ్లు తిరిగినయి ఆమెకు, మరిదికి గూడ. కడుపుల ఉడుకు మాత్రం ఇంత సుత తగ్గలే. చాలీల అందరికి ఇనవడేటట్టు, జన్మల ఆ ఇంట్ల మాట్లాడని మరాఠీల, "మలా ఆఠవత్ నాహీ," అన్నది.

తలుపు దగ్గరికేసింది. వెంకటయ్య తమ్ముని కోసం ఎత్తి పెట్టిన చెయ్యి శానసేపు అట్లనే పట్టుకొని, తర్వాత దుప్పటి మీద పెట్టుకున్నడు.