తాళానికి ఇవతల

ఆ ఇంటి తాళం తీయడానికి హెల్త్ ఇన్‌స్పెక్టరుకు చేతులు రావడం లేదు.

అంటురోగం వచ్చిన ఇంటికి బయటినుంచి తాళం వేయాలని కొత్త చట్టం తెచ్చారు. రోగితోపాటు రోగం లేనివాళ్లూ గడువు తీరేదాకా లోపలే ఉండాలి. ఏ చల్లటి గదిలో కూర్చుని రాశారో గానీ, తాళాలు వేసే పని మాత్రం ఇతనిలాంటి చిన్న ఉద్యోగుల నెత్తిన పడింది. కౌన్సిలరు ఇంట్లోనూ అదే రోగం వచ్చింది. అక్కడికి తాళం వెళ్లలేదు, డాక్టరు వెళ్లాడు. చట్టం ముందు అందరూ సమానమేనట, వినడానికి బాగానే ఉంటుంది.

ఈ ఇంట్లో దర్జీ, అతని భార్య ఉండేవారు. ఇప్పుడు భార్య ఒక్కతే ఉంది. దర్జీ ఆ రోగంతో చనిపోయిన మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు ఈ మెట్ల మీదే కాపలా కూర్చున్నాడు. లోపలినుంచి ఎవరో తలుపు దబదబా బాదారు. తాళంచెవి అతని జేబులోనే ఉంది. అనుమతి లేకుండా తీస్తే ఉద్యోగం ఊడటమే కాదు, జైలు కూడా. అంబులెన్సుకు ఫోన్ చేశాడు. కౌన్సిలరుగారింటి దగ్గరుంది, కాసేపు ఆగమన్నారు. ఆగాడు. కాసేపటికి తలుపు చప్పుడూ ఆగింది. సాయంత్రం శవాన్ని పంపించి, ఆమెను లోపలే ఉంచి మళ్లీ తాళం వేసిందీ అతనే.

అప్పటినుంచి ఆ చప్పుడు అతణ్ణి వదలడం లేదు. ఇంట్లో కూతురు గిన్నె కింద పెట్టినా ఉలిక్కిపడి తలుపు దగ్గరికి పరిగెడుతున్నాడు. "ఏం దయ్యం పట్టింది మీకు?" అని భార్య విసుక్కుంటోంది. ఏం చెప్తాడు, పట్టింది దయ్యమైతే వదిలించుకోవచ్చు.

గడువు తీరింది కాబట్టి తీయక తప్పలేదు. తాళం తీసి పక్కకు జరిగాడు. ఎదురింటి కిటికీలు టపటపా మూసుకున్నాయి. దర్జీ భార్య గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఆ రోజు బయట ఉన్నది మీరేగా, సార్?"

"నేనేనమ్మా."

"నేను తలుపు కొట్టడం మీకు వినబడిందా?"

లేదంటే సరిపోతుంది. పై అధికారికి అలాగే చెప్పాడు కూడా. కానీ ఆమె ముఖంలోకి చూశాక ఆ మాట నోట్లోంచి రాలేదు.

"వినబడిందమ్మా."

ఆమె ఏడవలేదు. నాలుగు తిట్లు తిడితే బాగుండునని అతనికి అనిపించింది. ఆమె గోడకు ఆనుకుని మెల్లగా కూలబడింది.

"బయట ఎవరూ లేరా అని ఆయన ఒకటే అడిగారు. ఉన్నారండీ, విన్నారు, వచ్చేస్తున్నారు అని చెప్పాను. పోయే మనిషికి అబద్ధం చెప్పి పంపానేమోనని ఇన్నాళ్లూ కుమిలిపోయాను సార్" అంది. "సగమన్నా నిజమే చెప్పానన్నమాట."