ప్లేస్‌మెంట్ సెల్ కోటు

నేను ఒక కోటుని. ముదురు నీలం రంగు, రెండు గుండీలు, ఎడమవైపు గుండెకి ఆనుకుని లోపలి జేబు. వకీలు కోటుననుకునేరు, కాదు. నన్ను వేసుకున్నవాళ్ళలో వాదించినవాళ్ళు లేరు. అడిగినదానికల్లా తలూపినవాళ్ళే, ఒక్కడు తప్ప.

ఏలూరు పవర్‌పేటలో ఒక దర్జీ నన్ను సత్యప్రసాద్ అనే కామర్స్ లెక్చరర్ రిసెప్షన్ కోసం కుట్టాడు. ఆయన ఆ ఒక్క సాయంత్రం నన్ను వేసుకుని, దవడలు లాగేదాకా నవ్వాడు. ఆ తర్వాత నేను బీరువాలో కలరా ఉండల పక్కన పడి ఉన్నాను. మళ్ళీ బయటికి తీసేసరికి ఆయన పొట్టకీ నా గుండీకీ పొత్తు కుదరలేదు. పోనీ పిల్లలకి పనికొస్తుందని, బైపాస్ రోడ్డు మీద తను పనిచేసే ఎంబీఏ కాలేజీకి తీసుకొచ్చి, ప్లేస్‌మెంట్ సెల్ తలుపు వెనక మేకుకి తగిలించాడు.

అప్పట్నుంచి కోటు లేనివాళ్ళందరికీ నేనే కోటు. పొట్టివాళ్ళు నా చేతులు లోపలికి మడిచి పిన్నులు పెట్టుకునేవారు. లావువాళ్ళు గుండీ జోలికి పోయేవారు కాదు. ఎవరు వేసుకున్నా ఒకటే చదువు. "కష్టపడటమే నా బలం సార్, మరీ ఎక్కువ కష్టపడటమే నా బలహీనత సార్" అని నోరు చెబుతూనే ఉంటుంది. లోపలి జేబు కింద గుండె మాత్రం, పారిపోదాం పద, అంటుంది. ఇలా ఏళ్ళ తరబడి విన్నాక మనుషుల మాట మీద నాకు నమ్మకం పోయింది. ఎవరైనా మరీ తడుముకోకుండా మాట్లాడితే చాలు, నా కాలరు బిగుసుకుంటుంది.

ఆ పిల్లలకి ఇంటర్వ్యూలు నేర్పేది హైమవతి మేడం. హైదరాబాదులో ఒక కంపెనీలో తనే ఉద్యోగాలిచ్చే కుర్చీలో కూర్చుని వచ్చిన మనిషి. లోపలికి రావడం, కుర్చీ చప్పుడు కాకుండా లాక్కోవడం, తెలియనిది తెలియదని చెప్పడం, అన్నీ ఓపిగ్గా నేర్పేది. "చివర్లో, మమ్మల్ని ఏమైనా అడుగుతారా అంటారు. ఏం లేదు సార్ అని మాత్రం అనొద్దు. వాళ్ళు మిమ్మల్ని చూసుకోవడానికి వస్తే, మీరూ వాళ్ళని చూసుకోవాలి కదా" అనేది. పిల్లలు రాసుకునేవారు. అడిగినవాడు మాత్రం లేడు.

ఆ సంవత్సరం నన్ను ఎక్కువగా వేసుకున్నవాడు వీరబ్రహ్మం. చింతలపూడి నుంచి వచ్చాడు. వాళ్ళ నాన్న ద్వారబంధాలు చేసే వడ్రంగి. బ్రహ్మానికి మాట నెమ్మది. గ్రూప్ డిస్కషన్‌లో అందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి అరుస్తుంటే వీడు నోరు తెరిచేసరికి టైం అయిపోయేది. కానీ మేడం చెప్పింది చెప్పినట్టు చేసేవాడు.

అడ్మిషన్ల సీజన్ దగ్గరపడుతుండగా కాలేజీకి ఒక కంపెనీ వచ్చింది. దాని పేరులో గ్లోబల్ ఉంది, సొల్యూషన్స్ ఉంది, మధ్యలో మాట ఎవరికీ గుర్తుండేది కాదు. వచ్చినవాళ్ళిద్దరు. ఒకాయనకి బంగారు రంగు ఫ్రేము కళ్ళజోడు. ఇంకొకాయన మాటిమాటికీ ఫోన్ చూసుకుంటున్నాడు. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ కోదండపాణి వాళ్ళకి స్వయంగా కాఫీ అందించాడు.

బ్రహ్మాన్ని పేరడిగారు, ఊరడిగారు. ఏం చదివావని కూడా అడగలేదు. "మమ్మల్ని ఏమైనా అడుగుతావా?" అన్నాడు కళ్ళజోడాయన, అప్పటికే చెయ్యి చాపుతూ.

"ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నేను ఏం పని చెయ్యాలి సార్?"

చాపిన చెయ్యి గాల్లోనే ఆగింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"అదీ... ట్రైనింగ్ ఉంటుంది."

"ఎక్కడ సార్?"

"హైదరాబాద్" అన్నాడు ఒకాయన. "బెంగళూరు" అన్నాడు ఇంకొకాయన, అదే క్షణంలో.

నా లోపలి జేబు కింద గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది. భయం చప్పుడు నాకు బాగా తెలుసు. ఇది అది కాదు.

సాయంత్రం కోదండపాణి మైకు పట్టుకుని ఎంపికైనవాళ్ళ పేర్లు చదివాడు. క్లాసు క్లాసంతా ఎంపికైంది. ఈలలు, కేరింతలు. ఆ పేర్లలో ఉమామహేశ్ పేరు కూడా ఉంది. అతను గవదబిళ్ళలొచ్చి వారం నుంచి నూజివీడులో ఇంట్లో పడుకుని ఉన్నాడు. అది విని బ్రహ్మం చప్పట్లు కొట్టడం ఆపేశాడు. పక్కనున్న రెహానా మాత్రం అప్పటికే వాళ్ళ అమ్మకి ఫోన్ చేసి ఏడుస్తోంది, సంతోషంతో.

కాలేజీలో ఒక నియమం ఉంది. ఒక ఉద్యోగం వచ్చినవాళ్ళు ఇంకో ఇంటర్వ్యూకి కూర్చోకూడదు. వచ్చే వారం కైకలూరు నుంచి చేపల మేత కంపెనీ ఒకటి రాబోతోంది. చెరువుల వెంట తిరిగి రైతులకి మేత అమ్మే పని. దానికిక ఎవరూ మిగల్లేదు.

ఈలోగా, ఎంపికైనవాళ్ళ ఫొటోలతో కాలేజీ బయట కట్టడానికి తయారవుతున్న బ్యానర్ మీద బ్రహ్మం పేరు వీరభద్రం అని పడిందని తెలిసింది. ఫ్లెక్సీ షాపుకి వెళ్ళి దిద్దించుకో, కోటుతో ఫొటో కూడా దిగి రా, అని కోదండపాణి పంపించాడు. నన్ను వేసుకునే వెళ్ళాడు. షాపులో కంప్యూటర్ తెర మీద నేనే కనిపించాను. ఒకే కోటు, దాని మీద ముప్ఫై మొహాలు. ఒక్కో మెడా తెచ్చి నా కాలర్లో అతికిస్తున్నారు. అతికిస్తున్నాయన వెనక్కి తిరిగాడు. చేతులకి రంగు మరకలు, ముక్కు మీద అదే బంగారు రంగు కళ్ళజోడు.

"ఓ, నువ్వా బాబూ" అన్నాడు తడబడుతూ. "కంపెనీ పని మీదే ఇలా వచ్చాను."

ఇంతలో గుమ్మంలోంచి ఒక పెద్దమనిషి కేకేశాడు. "ఓనరుగారూ, మా గృహప్రవేశం ఫ్లెక్సీ ఇంకా అవలేదా?"

బ్రహ్మం పేరు దిద్దించుకోలేదు. తిన్నగా హైమవతి మేడం దగ్గరికొచ్చి చూసిందంతా చెప్పాడు. ఆమె చేతిలో కాగితాలు పక్కన పెట్టింది.

"అసలు నీకు అనుమానం ఎందుకొచ్చింది?"

"మీరు అడగమన్నారని అడిగాను మేడం. వాళ్ళు చెప్పలేకపోయారు."

"నాకూ వచ్చింది. వచ్చినా ఊరుకున్నాను" అంది నెమ్మదిగా. లేచి కోదండపాణి గదికి వెళ్ళింది. బ్రహ్మం వెనకే వెళ్ళాడు కాబట్టి నేనూ విన్నాను.

"పిల్లల్ని మేత కంపెనీకి కూర్చోనివ్వండి సార్."

"మేడంగారూ, రూలు మీకు తెలియనిదా? ఒకళ్ళకి ఒకటే ఉద్యోగం."

"ఉద్యోగమంటూ ఉంటే కదండీ, ఒకటో రెండో లెక్కపెట్టడానికి."

కోదండపాణి మొహం జేవురించింది. వాదించీ వాదించీ చివరికి, వచ్చిన ఉద్యోగం వద్దని రాసిచ్చినవాళ్ళు కూర్చోవచ్చన్నాడు. ఎవరూ రాసివ్వరని అతని ధీమా. అతను అనుకున్నట్టే అయింది. క్లాసులో బ్రహ్మం షాపులో చూసింది చెబుతుంటే ఒక్కళ్ళూ నమ్మలేదు. అనుమానమంతా అతని మీదికే తిరిగింది.

"నీకు ఇంకెక్కడో మంచిది వచ్చుంటుంది. మాకెందుకు చెప్తావులే" అంది రెహానా. "మా నాన్న ఊరందరికీ బిర్యానీ పెట్టాడు బ్రహ్మం. ఇప్పుడు వెళ్ళి ఏం చెప్పమంటావు?"

చివరికి వద్దని రాసిచ్చింది అతనూ, గవదబిళ్ళలు తగ్గి వచ్చిన ఉమామహేశూ, ఇద్దరే.

మేత కంపెనీ నుంచి ఒకావిడ వచ్చింది. చెప్పులకి బురద ఆరిపోయి ఉంది. బ్రహ్మాన్ని గంటసేపు పిండేసింది. రైతు మేత అప్పుగా అడిగితే ఏం చేస్తావంది, చేప చచ్చి తేలితే ఎవరిది తప్పంది. రెండుచోట్ల తెలియదన్నాడు. చెమటకి నా అస్తరంతా తడిసిపోయింది. ఇద్దరినీ తీసుకుంది. బ్రహ్మం వాళ్ళ నాన్నకి ఫోన్ చేస్తే, "చేపలా?" అని రెట్టించి, "సరే, కళ్ళకి కనపడే పనే కదా" అన్నాడట.

గ్లోబల్ కంపెనీలో చేరే తేదీ ఒకసారి వాయిదా పడింది, మళ్ళీ పడింది. తర్వాత వాళ్ళ ఫోన్ మోగడం మానేసింది. హైమవతి మేడాన్ని మరుసటి నెల నుంచి రావద్దన్నారు. రెహానా నూజివీడులో ఒక చీటీల ఆఫీసులో చేరింది. బ్రహ్మానికి ఒక మెసేజ్ పెట్టింది కానీ అందులో ఉద్యోగాల ఊసు లేదు. బ్యానర్ మాత్రం బైపాస్ పక్కన గోడంత ఎత్తున నిలబడే ఉంది, నూరు శాతం ఉద్యోగాలంటూ. అందులో బ్రహ్మం కూడా ఉన్నాడు, వీరభద్రం పేరుతో, ఆ గ్లోబల్ కంపెనీ కింద. తీసెయ్యమని రెండుసార్లు అడిగాడు. "ఒకసారి కట్టాక తీయడం కుదరదోయ్" అన్నాడు కోదండపాణి.

బ్రహ్మం నన్ను తిరిగి అప్పగించడానికి వచ్చింది ఒకరోజు మిట్టమధ్యాహ్నం. బండి మీద మోసుకురావడం కష్టమని తొడుక్కునే వచ్చాడు. బ్యానర్ దగ్గర ఆగి, కాసేపు తన మొహాన్ని తనే చూసుకున్నాడు. తర్వాత ఇనుప చట్రం పట్టుకుని పైకెక్కాడు. జేబులోంచి వాళ్ళ నాన్న పదునుపెట్టిన ఉలి తీశాడు. నాలుగువైపులా, బద్ద పెట్టి గీసినట్టు కోసి, తన ముక్క చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నాడు. అప్పుడే నా భుజం కుట్టు పటుక్కున తెగింది. గేటు దగ్గర వాచ్‌మన్ వెంకన్న తలెత్తి చూసి, మళ్ళీ ఫోన్లోకి తల దించుకున్నాడు.

చిరిగిన కోటు ఇంటర్వ్యూకి పనికిరాదు. ఇప్పుడు నేను గేటు పక్క స్టోర్ రూములో, కాళ్ళు విరిగిన కుర్చీల మీద ఉన్నాను. వెంటిలేటర్‌లోంచి బ్యానర్ వెనకభాగం కనిపిస్తుంది, మధ్యలో ఆకాశం ముక్కతో సహా. ఈ కాలేజీలో నాకు ఏ అనుమానమూ లేనిది ఆ ముక్క మీదే.

నిన్న ఒకావిడ కూతుర్ని స్కూటర్ మీద ఎక్కించుకుని అడ్మిషన్ కోసం వచ్చింది. లోపలికి పోబోతూ ఆగింది.

"ఏమయ్యా, అక్కడ ఒక ఫొటో లేదేంటి?"

"గాలికి చిరిగిపోయిందమ్మా" అన్నాడు వెంకన్న.

ఆవిడ నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ చూసింది.

"గాలి ఇంత చక్కగా, నలుచదరంగా చింపుతుందా?"

వెంకన్న మళ్ళీ ఫోన్ తీశాడు. ఆవిడ స్కూటర్ స్టాండు వేసింది. "నువ్విక్కడే కూర్చో అమ్మా. ఆ ఖాళీలో ఎవరుండేవారో కనుక్కుని వస్తాను" అని కూతురితో చెప్పి లోపలికి నడిచింది.