అప్పలనరసయ్య మోసిన మంచం

నేను ఒక ఇనప మంచాన్ని. విజయనగరంలో ఓ వెల్డింగు షాపులో పుట్టి, ఆరేళ్లు లాడ్జిలో కొలువు చేశాను. లాడ్జి మూతపడ్డాక స్లాబుల కింద ఊతలు కట్టే సెంట్రింగు పనివాడు అప్పలనరసయ్య నన్ను కొని ఇంటికి తెచ్చుకున్నాడు. తొమ్మిదేళ్లు నేనతన్ని మోశాను. తరువాత అతనే నన్ను మోయడం మొదలుపెట్టాడు.

పనిలో ఉండగా స్లాబు కూలి, అతని జతగాడు గౌరినాయుడు చనిపోయాడు. నెల తిరక్కుండా అప్పలనరసయ్య నా కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, రెండు చేతులతో నన్ను పట్టుకున్నాడు. వదిలితే ఇల్లు కూలిపోతుందట. నాకు నాలుగు కాళ్లున్న సంగతి అతను లెక్కచేయలేదు. కాస్త నొచ్చుకున్నాను. భార్య పైడమ్మ బతిమాలింది. బావమరిది కాళ్లు పట్టి లాగాడు. అప్పలనరసయ్య మూడు రోజులు అన్నం ముట్టలేదు.

పైడమ్మ కబురు పెడితే, నాలుగోరోజు పొద్దున పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగం నుంచి సోషల్ వర్కర్ రెహానా వచ్చింది. చెప్పులు విడిచి, నా కిందికి దూరి, అతని పక్కనే పడుకుంది.

"నువ్వెందుకొచ్చినావమ్మా? పడిపోద్ది."

"పడుతుందని నాకనిపించడం లేదండీ. కానీ మీ చేతులు అలిసిపోయాయి. మీరు తినేదాకా నేను పట్టుకోనా?"

అతను ఆలోచించాడు. "గట్టిగా ఒట్టుకుంతావా?"

"పట్టుకుంటాను."

గుమ్మంలో కూర్చుని, ఆమె చేతులమీంచి చూపు తిప్పకుండా తిన్నాడు. ఆసుపత్రికి రమ్మంటే, తను లేనప్పుడు ఎవరు పట్టుకుంటారన్నాడు.

"నాను సూసుకుంతాను, నువ్వెళ్లు," అంది పైడమ్మ.

అతను వెళ్లాడు. పైడమ్మ నా కిందికి దూరింది. రెండోరోజుకు వీధిలో ఆడవాళ్లు వంతులు వేసుకున్నారు. చిక్కుళ్లు ఒలిచారు, కోడళ్ల సంగతులు చెప్పుకున్నారు. కాళ్లు పట్టి లాగిన బావమరిది కూడా ఒక చేత్తో ఫోను, మరో చేత్తో నన్ను పట్టుకుని మధ్యాహ్నాలు కునుకు తీసేవాడు. అవసరం లేదని రెహానా వారంవారం వచ్చి చెప్పేది.

"మాటిచ్చినానమ్మా," అనేది పైడమ్మ.

రెహానా నిట్టూర్చి, కాగితంమీద 'కుటుంబ సహకారం బాగుంది' అని రాసుకుంది.

ఆసుపత్రిలో ఆరు వారాల మందులూ మాటలూ అయ్యాక అప్పలనరసయ్య రెహానాతో కలిసి ఇంటికొచ్చాడు. వంగి చూశాడు. నా కింద పైడమ్మతో సహా ముగ్గురున్నారు.

"ఏటే ఇది? పైకి రండి. మంచానికి కాళ్లున్నాయి కదా."

ఒక్కొక్కరూ దుమ్ము దులుపుకుంటూ పైకి వచ్చారు. అతను నా మీద కూర్చున్నాడు. వంగి నా కాలొకటి తడిమాడు.

"మేస్త్రీ తీసీమన్నాడని ఊతకర్ర తీసింది నానే. గౌరి కిందున్నాడని నాకు తెల్దు."

పైడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రెహానా అతన్ని ఓదార్చలేదు. పక్కన కూర్చుని, అతని ఏడుపు ఆగేదాకా ఉంది.

"ఆడి పెళ్లానికి సెప్పాల," అన్నాడు.

"తలుపు వేసేస్తుందేమో," అంది రెహానా.

"ఏస్తే ఏసింది."

చొక్కా మార్చుకున్నాడు. అతనూ, పైడమ్మా, రెహానా గౌరినాయుడి ఇంటివైపు నడిచారు.